చెన్నై నుంచి డర్బన్, అక్కడి నుంచి మొంబాసా: కార్నే ఖర్చు తగ్గేదెలా?

ప్రశ్న (చెన్నై): మన రిజిస్ట్రేషన్ జీపును ఓడలో డర్బన్‌కు పంపి, బోట్స్వానా, జాంబియా, టాంజానియా మీదుగా కెన్యాలోని మొంబాసా చేరాలి. కార్నే (బండిని సుంకం కట్టకుండా తాత్కాలికంగా వేరే దేశాల్లోకి తీసుకెళ్ళడానికి ఇచ్చే కస్టమ్స్ పుస్తకం) కోసం పెట్టాల్సిన గ్యారంటీ భయపెడుతోంది. ఈజిప్టు కూడా చేర్చాలా?

జవాబు 1 (బెంగళూరు): వెళ్ళే ఉద్దేశం లేకపోతే ఈజిప్టు రాయించకండి. బండి విలువను, జాబితాలో అత్యధిక సుంకమున్న దేశాన్ని చూసి గ్యారంటీ కడతారు. ఈజిప్టు చేరిందంటే మొత్తం ఎగబాకుతుంది. గ్యారంటీ తిరిగొస్తుంది, ఫీజు రాదు. రెండూ వేర్వేరుగా లెక్కేసుకోండి.

అసలు ప్రమాదం ముద్రల దగ్గరే. కార్నే పేజీలో మూడు భాగాలుంటాయి: ప్రవేశపు చీటీ, నిష్క్రమణ చీటీ, పుస్తకంలోనే మిగిలే మొదలు (కౌంటర్‌ఫాయిల్). నిష్క్రమణ ముద్ర పడకపోతే, బండి అక్కడే అమ్మేశారనుకుని ఆ దేశం సుంకం అడుగుతుంది. అది మీ గ్యారంటీలోంచే పోతుంది. దేశం దాటేటప్పుడు కౌంటర్ వదిలేముందే కౌంటర్‌ఫాయిల్‌లో ప్రవేశ, నిష్క్రమణ ముద్రలు రెండూ చూసుకోండి. దక్షిణాఫ్రికా, బోట్స్వానా ఒకే కస్టమ్స్ యూనియన్ (ఉమ్మడి సుంకం పరిధి) కాబట్టి వాటి మధ్య కాదు, కజుంగుల వంతెన దగ్గర జాంబియాలోకి దాటేటప్పుడు నిష్క్రమణ ముద్ర వేయించాలి.

జవాబు 2 (చెన్నై): అన్నా, జాంబియాలో కార్బన్ పన్ను, రోడ్డు టోల్, కౌన్సిల్ లెవీ (స్థానిక సంస్థ రుసుము) విడివిడిగా కట్టాలి. రసీదులన్నీ దాచండి, దారిలో అడుగుతారు. థర్డ్ పార్టీ బీమాకు కొమెసా (తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల వాణిజ్య కూటమి) ఎల్లో కార్డు తీసుకుంటే జాంబియా, టాంజానియా, కెన్యాలకు సరిపోతుంది. కార్డు మీద ఆ దేశాల పేర్లు కొట్టేయలేదని చూసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. సర్టిఫికెట్ పదో రోజు నుంచే చెల్లుతుంది, చివరి వారానికి పెట్టుకోవద్దు.