జ్ఞానదంతం ఆపరేషన్: గంజాయి, కల్లు సంగతి డాక్టరుకు చెప్పాలా?

హనుమకొండ అన్న:
మా తమ్ముడికి వచ్చే వారం కింది జ్ఞానదంతం తీస్తారు. చిగురు కోసి, ఎముక కొంచెం తొలిచి తీయాలన్నారు. వాడికి హాస్టల్లో గంజాయి అలవాటైంది, మందు కూడా ఉంది. క్లినిక్ ఫారంలో ‘అలవాట్లు’ అని ఒక గడి ఉంది. నాన్న పక్కనే ఉంటారు. రాయొద్దనే నేనంటాను. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ ప్రకారం గంజాయి తాగడం కూడా నేరమే. సంతకం పెట్టి మరీ ఒప్పుకోవడం ఎందుకు? రెండు రోజులు మానేసి వెళ్తే సరిపోదా?

గుంటూరు డెంటిస్ట్:
చెప్పాల్సిందే. మేం ఇచ్చే మత్తు ఇంజెక్షన్ చాలావరకు లిగ్నోకైన్. రక్తం తక్కువ కారాలని, మత్తు ఎక్కువసేపు నిలవాలని అందులో అడ్రినలిన్ కలిపి ఉంటుంది. గంజాయి అప్పటికే గుండె వేగం పెంచి ఉంటుంది, పైన ఇది తోడైతే దడ, బీపీలో తేడాలు. పొద్దున తాగి వచ్చాడని తెలిస్తే నేను ఆపరేషన్ వాయిదా వేస్తాను, తిట్టను. కొకైన్ అయితే గుండె లయే తప్పవచ్చు. మందు బాగా తాగేవాళ్లకు లివర్ దెబ్బతిని ఉంటే రక్తం తొందరగా ఆగదు, పారాసిటమాల్ మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు. పన్ను తీశాక పొగ పీలిస్తే గుంతలో గడ్డకట్టిన రక్తం పోయి డ్రై సాకెట్ కావచ్చు. ఆ నొప్పి చెవి దాకా లాగుతుంది.

పేషెంట్ ఫలానాది తాగుతాడని పోలీసులకు చెప్పాలని ఆ చట్టం మాకేమీ చెప్పలేదు. కోర్టు అడగడం లాంటి సందర్భాల్లో తప్ప, ఆ మాట బయటపెట్టకపోవడమే మా నియమం.

బెజవాడ వాసి:
నియమం సరే మేడం, కౌంటర్ దగ్గర జరిగేది వేరు. నేను వెళ్లిన చోట రిసెప్షన్ అమ్మాయి పది మందిలో ‘గుట్కా వేస్తారా సార్?’ అని గట్టిగా అడిగింది. మా వీధివాళ్లు అక్కడే కూర్చున్నారు. పెళ్లి కావాల్సిన పిల్లలు అలాంటి చోట నిజం చెబుతారా? ముందు క్లినిక్‌లు మారాలి, తర్వాత పేషెంట్లను అడగండి.

పాలమూరు బిడ్డ:
‘రెండు రోజులు మానేస్తే చాలు’ అన్న మాటే నాకు భయంగా ఉంది అన్నా. మా దిక్కు కల్తీ కల్లులో ఆల్ప్రజోలం కలుపుతరు. తాగేటోళ్లకు తాము మత్తుబిళ్లలు మింగుతున్నట్టే తెల్వదు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు దొరకనప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులకు వణుకుతోని, ఫిట్స్‌తోని జనం వచ్చిన్రు. ఆపరేషన్ ఉందని మా పెద్దనాయన లాంటోళ్లు ఒక్కసారిగా మానేస్తే కుర్చీలోనే ఫిట్స్ రావచ్చు. తాగి పోతే, పైన నిద్రమత్తు మందు ఇస్తే ఊపిరి మందగిస్తది. ‘మందు తాగుతారా’ అంటే మావోళ్లు లేదనే అంటరు. కల్లును వాళ్లు మందు కింద లెక్కేయరు. డాక్టర్లే పేరు పెట్టి అడగాలె.

గుంటూరు డెంటిస్ట్:
మీరన్నది నిజం. ఇక నుంచి కల్లు అని విడిగా అడుగుతాను. బెజవాడ వాసి గారూ, మీ కోపం న్యాయమే, ఆ ప్రశ్న లోపల గదిలో అడగాల్సింది. కానీ క్లినిక్‌లు మారేదాకా ఆగితే ఈలోపు ఇంజెక్షన్ పడేది ఆ అబ్బాయికే.

హనుమకొండ అన్న:
పోలీసుల భయం తగ్గింది కానీ, ఫారంలో రాయడానికి నాకింకా మనసొప్పడం లేదు. నాన్న చూస్తారు.

గుంటూరు డెంటిస్ట్:
గడి ఖాళీగా వదిలి, ‘డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలి’ అని తమ్ముణ్ని చెప్పమనండి. ఎక్స్‌రే తీసేటప్పుడు ఎలాగూ మీ నాన్నగారిని బయట ఉండమంటారు. చివరిసారి ఎప్పుడు, ఏది, ఎంత తీసుకున్నాడో అప్పుడు చెబితే చాలు.