అమ్మ ఖాతా బ్యాంకులోనే ఉంచాలా, పోస్టాఫీసుకు మార్చాలా?

కళ్యాణదుర్గం అబ్బాయి

మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నేను బెంగళూరులో ఉంటాను, ఊళ్లో అమ్మ ఒక్కతే. ఆమెకు గ్రామీణ బ్యాంకులో ఎప్పటినుంచో ఖాతా ఉంది. నేను పంపే డబ్బు, పీఎం కిసాన్, ఉపాధి కూలి అన్నీ దాంట్లోనే పడతాయి. చిక్కంతా తీసుకోవడంలోనే. బ్యాంకు మండలంలో ఉంది. రెండు వేలు కావాలన్నా ఆటో ఎక్కాలి, లైన్లో నిలబడాలి, ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. అంత చేసి వెళ్తే ఒక్కోసారి సర్వర్ లేదంటారు. ఏటీఎం కార్డు ఉంది గానీ, ఆటో డ్రైవరుకు పిన్ చెప్పి అతని చేతనే తీయిస్తోందని మొన్న తెలిసింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

మా ఊళ్లో చిన్న పోస్టాఫీసు ఉంది. అక్కడి బీపీఎం (ఆ బ్రాంచి పోస్టాఫీసు నడిపే పోస్టుమాస్టరు) అమ్మాయి "మా దగ్గర ఖాతా తెరువు పెద్దమ్మా, ఇంటికే వచ్చి డబ్బిస్తా" అంటోందట. మంచి పిల్లే. కానీ ఏ ఖాతా? మా అబ్బ కాలం నాటి పాస్‌బుక్కు ఖాతానా, ఈమధ్య ఫోన్లో వేలిముద్ర పెట్టి తెరుస్తున్నదా? తెరిస్తే బ్యాంకు ఖాతా మూసేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆదోని టైలరమ్మ

మా అత్తమ్మ చాలా నెలలుగా పోస్టుమాన్ దగ్గరే తీసుకుంటోంది అన్నా. కొత్త ఖాతా ఏమీ తెరవలేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే ఆమె బ్యాంకు ఖాతాలోంచే డబ్బిస్తాడు. ఒకటే బాధ, పత్తి ఏరి ఏరి ఆమె వేళ్లు అరిగిపోయాయి. మిషను ఒకసారి పడుతుంది, ఒకసారి పట్టదు. చెయ్యి కడిగి, తుడిచి, వేలు మార్చి పెట్టిస్తాం.

పాత పోస్టుమాస్టరు, అనంతపురం

ఆదోని తల్లి చెప్పిందే అసలు జవాబు. తొందరపడొద్దు నాయనా. మీ అమ్మకు ఖాతా ఉండనే ఉంది, ఆ డబ్బు గడప దగ్గరికి వస్తే చాలు. ఆధార్‌తో తీసే ఈ పద్ధతిని ఏఈపీఎస్ అంటారు. ఏ బ్యాంకు ఖాతా అయినా దానికి ఆధార్ కలిపి ఉంటే పోస్టాఫీసు మనిషి తన ఫోను, వేలిముద్ర మిషనుతో తీసివ్వగలడు. ఒక్కసారికి పది వేలు మించదు. ఇంటి ఖర్చుకు అంతకంటే ఏం కావాలి?

ఇక నువ్వడిగిన ఖాతాలు. అవి రెండూ వేరు. మీ అబ్బ కాలం నాటిది పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు, 1882 నుంచి ఉన్నది. అయిదు వందలతో తెరవచ్చు, నాలుగు శాతం వడ్డీ. నెలలో పదో తారీఖు నుంచి ఆఖరి రోజు వరకు ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ కడతారు, కాబట్టి వేసేది పదికి ముందు వేయాలి. ఆ డబ్బుకు పూర్తిగా ప్రభుత్వానిదే పూచీ.

ఫోన్లో తెరిచేది ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు, ఐపీపీబీ. 2018 సెప్టెంబరు 1న దేశమంతటా మొదలైంది. దానికి కనీస నిల్వ అక్కర్లేదు, వడ్డీ మాత్రం పాత ఖాతా కంటే తక్కువ. రెండు లక్షలకు మించి ఉంచడానికి లేదు. ముఖ్యంగా, పేమెంట్స్ బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. శెనక్కాయ విత్తేటప్పుడు మీ అమ్మ బంగారం పెట్టి డబ్బు తెచ్చుకోవాల్సింది ఆ గ్రామీణ బ్యాంకులోనే కదా. దాన్ని మూసే మాటే వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఐపీపీబీ ఖాతా తెరిచేటప్పుడు "ప్రభుత్వ డబ్బు ఇందులో పడటానికి ఒప్పుకుంటున్నారా" అని ఫోన్లో ఒక గడి వస్తుంది. సరే అనేస్తే ఆధార్ మీద వచ్చే డబ్బంతా అటు మళ్లుతుంది. ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు తగిలిస్తే సర్కారు డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది, మిగతా ఖాతాలు ఎంత పాతవైనా సరే. పల్లెల్లో "నా కిసాన్ డబ్బు పడలేదు" అని నెత్తీనోరూ కొట్టుకునేవాళ్లలో చాలామందికి పడే ఉంటుంది, తెరిచిన సంగతే మర్చిపోయిన ఇంకో ఖాతాలో. ఇప్పుడు ఏ బ్యాంకు తగిలి ఉందో మైఆధార్ సైటులో ఓటీపీతో చూసుకోవచ్చు. ముందు అది చూడు.

ఆ బీపీఎం పిల్లను తప్పు పట్టొద్దు. ఇన్ని ఖాతాలు తెరవాలని పైనుంచి టార్గెట్ ఉంటుంది. ఇచ్చేది నాలుగైదు గంటల పనికి జీతం, చేయించేది రోజంతా. నాకు నచ్చని విషయం అదే.

పోస్టాఫీసుకు ఇది కొత్త పనేం కాదు. 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి పథకం మొదలైంది. తొలి ఏళ్లలో కూలి పోస్టాఫీసు ఖాతాల్లోనే వేసేవాళ్లు. చెల్లింపు రోజు మా కౌంటరు ముందు సందు దొరికేది కాదు. ఆలస్యమైందని తిట్లూ మేమే తిన్నాం. కానీ డబ్బిచ్చేవాడు ఊరివాడు కాబట్టి తిట్టడానికైనా ఒక మనిషి ఉన్నాడు. ఏటీఎం మిషన్‌ను ఎవరిని పట్టుకుని అడుగుతాం?

అమ్మకు మాత్రం ఒకటి నేర్పించు. ఫోన్లో ఎంత అంకె కొట్టారో చూశాకే వేలు పెట్టాలి. "ఫెయిలైంది, ఇంకోసారి పెట్టు" అంటే వెంటనే పెట్టొద్దు. బ్యాంకు మెసేజి చూడాలి, డబ్బు కట్ అయిందేమో. కట్ అయి చేతికి రాకపోతే రసీదు అడిగి ఉంచుకోవాలి. అయిదు రోజుల్లోపు తిరిగి జమ కావాలని, దాటితే రోజుకు వంద రూపాయల లెక్కన ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది.

చీనీతోట, పులివెందుల

సార్ చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. మా పక్క ఒక ఊళ్లో అడిగితే "క్యాష్ లేదు, రేపు రా" అంటారు. రేపు పోతే మిషను చార్జింగ్ లేదంటారు. ఇంటికి రావడం సంగతి దేవుడెరుగు. దీనికంటే ఊళ్లో కిరాణా కొట్టులో వేలు పెట్టి తీసుకోవడం నయం కదా?

పాత పోస్టుమాస్టరు, అనంతపురం

క్యాష్ లేదనడం అన్నిసార్లూ సాకు కాదప్పా. బ్రాంచి పోస్టాఫీసులో ఎంత నగదు ఉంచాలో ఒక హద్దు ఉంటుంది. ఎక్కువ కావాలంటే పైనున్న సబ్ పోస్టాఫీసుకు ముందే రాసి పెడితే మరుసటి రోజు సంచిలో వస్తుంది. అందుకే అయిదు వేలు పైబడితే ముందురోజే చెప్పి పెట్టాలి. ఊళ్లో ఎవరైనా ఆర్డీ (నెలనెలా వేసే పొదుపు) కట్టడానికి వచ్చే పూట పోతే నగదు ఉండనే ఉంటుంది. చెప్పి పెట్టినా ఇవ్వకపోతే డివిజన్ సూపరింటెండెంటుకు కాగితం రాయాలి. నోటితో అంటే గాలికి పోతుంది.

కిరాణా కొట్టు తప్పు కాదు, నమ్మకస్తుడైతే. అయితే చాలాచోట్ల వెయ్యికి పది, ఇరవై పట్టుకుని ఇస్తున్నారు. అదీ అడిగి తెలుసుకో.

కళ్యాణదుర్గం అబ్బాయి

సైటులో చూశాను సార్, గ్రామీణ బ్యాంకే తగిలి ఉంది. అలాగే ఉంచేస్తాను. ఏటీఎం పిన్ ఈ ఆదివారం ఊరెళ్లి మార్పిస్తాను. అమ్మకు కూడా వేళ్లు సరిగా పడవు, ఆధార్ కేంద్రంలోనే ఇబ్బంది పడింది. దానికేమైనా దారి ఉందా?

పాత పోస్టుమాస్టరు, అనంతపురం

ముఖం చూపించి తీసుకునే పద్ధతి ఐపీపీబీ 2025లో తన ఖాతాదారులకు తెచ్చింది. వేళ్లు ఎప్పటికీ పడకపోతే అప్పుడు ఐపీపీబీ ఖాతా తెరవడానికి అర్థం ఉంది. నువ్వు నెలనెలా పంపేది అందులో వేయి. ప్రభుత్వ డబ్బు గడి దగ్గర మాత్రం "వద్దు" అని చెప్పించు. ఆ ఒక్క గడి నువ్వు పక్కనుండి చూసుకో, చాలు. ముందు వారం రోజులు చేతులకు నూనె రాసి చూడండి, కొందరికి పడుతుంది.

గుంతకల్లు రైల్వే కాలనీ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాయన రైల్వే పెన్షనరు, ఇప్పుడు మంచం మీదున్నాడు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు బ్యాంకుకు తీసుకుపోవాలంటే కష్టం. అది కూడా పోస్టుమాన్ ఇంటికొచ్చి చేస్తాడా?

పాత పోస్టుమాస్టరు, అనంతపురం

చేస్తాడమ్మా. డెబ్బై రూపాయలు తీసుకుంటారు. ఆధార్, పీపీఓ నంబరు (పెన్షన్ మంజూరు కాగితం మీదుండేది), పెన్షన్ పడే ఖాతా నంబరు, ఆధార్‌కు కలిపిన ఫోను దగ్గర పెట్టుకోండి. మీ నాయనకు ఎనభై దాటి ఉంటే అక్టోబరు 1 నుంచే చేయించుకోవచ్చు. నవంబరు ఆఖరిదాకా ఆగితే పోస్టుమాన్ దొరకడు, ముందే చెప్పి పెట్టండి.