మిర్చికి ఎం-45 కొట్టొచ్చా, మానాలా?

పెరటితోట:
పల్నాడులో మా పొలంలో మిర్చి వేశారు. మొన్న వెళ్తే కాయకుళ్ళుకి మాంకోజెబ్, అదే ఎం-45, కొడుతున్నారు. యూరప్‌లో 2020 డిసెంబరులో దీనికి అనుమతి పొడిగించలేదు. కడుపులో బిడ్డకి చేటని, హార్మోన్లని దెబ్బతీస్తుందని చెప్పారు. మన కేంద్రం 2020 మేలో నిషేధిస్తామన్న 27 మందుల ముసాయిదాలో ఇదీ ఉంది. తీరా 2023లో డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్ లాంటివి పోయాయి గానీ ఇది మిగిలిపోయింది. మరి కొట్టొచ్చా, మానాలా?

నల్లరేగడి:
ప్యాకెట్ మీద ఆకుపచ్చ ముక్కోణం ఉంటుంది, చూశారా? ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే అన్నిటికన్నా తక్కువ విషం. గవర్నమెంటే వేయించిన గుర్తు. ఇంకేం కావాలి?

మిద్దెతోట:
పుల్లటి మజ్జిగ కొట్టండి, ఏ గొడవా ఉండదు.

నల్లరేగడి:
ఎన్నెకరాలకి కొట్టారండీ?

మిద్దెతోట:
కుండీలకి.

సైన్సుమాస్టారు:
నల్లరేగడి గారూ, ఆ రంగు చెప్పేది ఒక్కటే: ఒకేసారి ఎంత మింగితే ప్రాణం పోతుందన్నది. ఎలుకల మీద పరీక్షించి, వాటిలో సగం చావడానికి పట్టే మోతాదు కిలో బరువుకి 5000 మిల్లీగ్రాములు దాటితే ఆకుపచ్చ ఇస్తారు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం ఒంట్లోకి పోతే ఏమవుతుందో దానికి పట్టదు. మాంకోజెబ్ విడిపోతే ఇథిలీన్ థయోయూరియా అనేది పుడుతుంది. థైరాయిడ్‌ని దెబ్బతీసేది అదే. కోస్టారికాలో మటీనా అనే చోట అరటితోటల మీద విమానాలతో ఈ మందు చల్లుతారు. ఆ తోటల దగ్గరుండే గర్భిణుల మూత్రంలో ఈ థయోయూరియా ఎక్కువగా కనిపించింది. వాళ్ళెవరూ మందు మింగలేదు.

నల్లరేగడి:
విమానాలతో చల్లేదానికీ, నేను వీపున డబ్బా వేసుకుని కొట్టేదానికీ పోలికా? లీటరుకి రెండున్నర గ్రాములు కలుపుతా. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే.

సైన్సుమాస్టారు:
రంగు దగ్గరే ఆగిపోయారు మీరు.

పెరటితోట:
కడిగితే పోతుందంటారు కదా మాస్టారూ?

సైన్సుమాస్టారు:
ఇది ఆకులోకి ఇంకే మందు కాదు, పైన పొరలా ఉంటుంది. టమాటాని బాగా కడిగితే చాలావరకు పోతుంది. ఎండుమిర్చిని ఎవరు కడుగుతారు? కోసి, కల్లంలో ఆరబోసి, నేరుగా కారం పట్టిస్తాం. పైగా ఉడికించినప్పుడు, మిగిలిన మందులో కొంత నేను చెప్పిన థయోయూరియాగా మారుతుంది.

నల్లరేగడి:
మాస్టారు ఇంతసేపు చెప్పారుగా, నేనూ చెప్తా. ఈ మందు తెగులుని ఒకచోట కాదు, చాలాచోట్ల కొడుతుంది. అందుకే 1960ల నుంచి వాడుతున్నా తెగులు దీనికి మొండికేయలేదు. ఖరీదైన కొత్త మందులు ఒక్కచోటే కొడతాయి, నాలుగేళ్ళు ఊపుగా పనిచేసి చతికిలబడతాయి. అలా ఒక్కచోటే కొట్టే మెటలాక్సిల్‌లో, పైరు మీద కొట్టడానికి దీన్నే కలిపి ఎందుకు అమ్ముతున్నారో కంపెనీల్ని అడగండి. దీన్ని తీసేస్తే దీనికి మూడింతల రేటున్న మందులు రెండు కొనాలి. ఎవరు కొనిస్తారు?

కృష్ణాతీరం:
డబ్బాలు కాలవలో కడిగేవాళ్ళ గురించి కూడా మాట్లాడండి. చేపలకి ఇది బాగా విషం. ముక్కోణంలో చేపల లెక్క లేదు.

వాగొడ్డు:
ఇందాకట్నుంచి చదువుతున్నా. మా అమ్మ మిర్చి కోతలకి వెళ్తుంది. మందు కొట్టిన మర్నాడే పిలుస్తారు. ఆకుల మీద ఆ పసుపచ్చ పొడి ఇంకా ఉంటుంది. మోచేతుల దాకా అదే, కొంగుకీ అదే. మధ్యాహ్నం కాలవలో చేతులు తడుపుకుని అన్నం ముద్ద కలుపుతారు. నిరుడు వాళ్ళ ముఠాలో ఏడో నెల మనిషి కూడా కోతకొచ్చింది. యూరప్ ఏమందో ఆమెకెవరు చెప్పారు? ముక్కోణం సంగతి ఎవరు చెప్పారు? ప్యాకెట్ మీ దగ్గరుంటుంది, పొడి వాళ్ళ మీద ఉంటుంది.

నల్లరేగడి:
నేనేదో కావాలని పోసినట్టు మాట్లాడుతున్నావేంటమ్మా? ఆ డబ్బా మోసేది నేను. గాలి ఎదురు తిరిగితే మొహానికి కొట్టేది నాకే.

వాగొడ్డు:
మీరు మోస్తున్నారు, ఒప్పుకుంటా. ఎప్పుడు కొట్టారో మాకు చెప్పకపోవడం ఎందుకు మరి?

నల్లరేగడి:
చెప్తే రారు కాబట్టి! పండిన కాయ ఆగుతుందా? నాలుగు రోజులు ఆగితే ముఠా ఇంకో చేలోకి పోతుంది. నాది కౌలు సేద్యం. షాపాయన ఖాతా మీద ఏదిస్తే అది కొట్టాలి, లెక్క పంట అమ్మాక. ఓ ఏడాది కాయకుళ్ళుకని పెద్ద రేటు మందు అంటగట్టాడు. అది నకిలీది. కాయంతా మచ్చలు పడి తాలుగాయ కింద పోయింది. ఫిర్యాదు చేద్దామని వెళ్తే బిల్లు తెమ్మన్నారు. ఉద్దెరకి కొన్నోడికి బిల్లెవడిస్తాడు? ఎం-45 ఒక్కటే నేను చేతిలో డబ్బుతో, నా ఇష్టప్రకారం కొనుక్కునే మందు. ఇప్పుడు దాన్ని కూడా లాక్కుంటామంటున్నారు. కోపం రాదా?

మిద్దెతోట:
అబ్బో, మజ్జిగ దగ్గర్నుంచి ఎక్కడికొచ్చాం.

సైన్సుమాస్టారు:
నిషేధించమని నేననలేదు. కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో ప్యాకెట్ లోపలి కాగితం మీద ఉంటుంది. అన్ని రోజులూ ఆగమంటున్నా, అంతే.

వాగొడ్డు:
ఆగడానికి మేము సిద్ధమే. ఆ రోజుల కూలి మాకెవరిస్తారు?

నల్లరేగడి:
నేనివ్వలేను. తెగులొచ్చినా రాకపోయినా కౌలు పైసా తగ్గదు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో కూర్చుని కౌలు తీసుకునే ఆసామి కొంచెం వదులుకుంటే రెండు కోతలు ఆలస్యమైనా నేను తట్టుకుంటా. పెరటితోట గారూ, మీ పొలం అన్నారు. సాగు చేసేది మీరేనా?

పెరటితోట:
కౌలుకిచ్చాం. అయినా కౌలు సంగతి వేరు. నేనడిగింది మందు గురించి.

నల్లరేగడి:
మేం మాట్లాడేదీ మందు గురించేనండి. ఎకరాకి ఎంత తీసుకుంటున్నారు?