పెరట్లో పందికొక్కులు: మందు పెట్టాలా, వద్దా?

పెరటిమొక్క: గోడ వారగా ఐదు కలుగులు పడ్డాయి. ఒక్కోదాని ముందు జల్లెడ పట్టినట్టు మెత్తటి మట్టి కుప్ప. తీగ పచ్చగానే ఉంది కదా అని నిన్న చిలగడదుంప లాగితే వట్టి తొడిమ చేతికొచ్చింది. కిందంతా ఖాళీ. మందు పెడదామంటే ఇంట్లో కుక్క తిరుగుతుంది. ఏం చేయమంటారు?

మోటబావి: సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసేయండి. పొద్దున తెరుచుకున్నవాటిలోనే పందికొక్కు ఉన్నట్టు. వాటిలో మాత్రం బ్రోమాడియోలోన్ (రక్తం గడ్డకట్టనివ్వకుండా చంపే ఎలుకల మందు) 0.005 శాతం బిళ్లలు కర్రతో లోపలికంటా తోసి మూతి మూయండి. చేతికి గ్లౌజు తప్పనిసరి. బయట చల్లితేనే కుక్కకు ప్రమాదం.

ఎర్రమట్టి: నాఫ్తలీన్ ఉండలు వేసి చూడండి.

పెరటిమొక్క: వేశానండి. పక్కనే ఇంకో కలుగు తవ్వింది.

కానుగనీడ: దయచేసి మందు జోలికి పోకండి. మా కుక్క పోయింది ఆ మందుతోనే. పక్కింటివాళ్లు పెట్టారు. మందు తిని తూలుతున్న ఎలుకను మాది నోట కరుచుకొచ్చింది. ఐదో రోజు చిగుళ్ల నుంచి రక్తం కారింది.

మోటబావి: ఒక్క ఎలుకను తింటే అంత కుక్క చావడం అరుదండి. మీది నేరుగా బిళ్లే తిని ఉంటుంది. అయినా దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1. వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాల్సింది.

కానుగనీడ: వెంటనే అంటే ఎప్పుడు? రెండు మూడు రోజులు మామూలుగానే తిని ఆడుకుంటుంది. రక్తం కనబడేసరికి ఆలస్యమైపోతుంది. ఏం తిందో మాకెలా తెలుస్తుంది?

మోటబావి: తిన్నది ఎలుకా, బిళ్లా అన్నది తేలాలి కదా. బిళ్ల అయితే తప్పు మందుది కాదు, పెట్టిన తీరుది.

కానుగనీడ: మీకు అదొక్కటే పట్టింది. మందు తిన్న పందికొక్కు అక్కడికక్కడే చావదు. నాలుగైదు రోజులు నీరసంగా, పట్టపగలు కూడా బయట తిరుగుతుంది. పిల్లికీ గుడ్లగూబకీ తేలిగ్గా దొరికేది అదే. బోను పెట్టండి. కొత్త వస్తువంటే వాటికి అనుమానం, అందుకని మొదటి మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి ఎర మాత్రం పెట్టండి. అలవాటు పడ్డాక కట్టు విప్పండి.

మోటబావి: బోనుతో ఎన్ని పడతాయి? మూడు వారాలకు ఈనుతుంది, ఈతకు ఐదారు పిల్లలు తక్కువ కాదు. మీరు ఒకదాన్ని పట్టేలోగా కలుగు నిండిపోతుంది.

వానచినుకు: ఇద్దరూ కాస్త తగ్గండి. అడిగినాయన ఎటుపోయాడో.

కానుగనీడ: ప్రాణం పోతే తెలుస్తుంది ఈయనకి.

మోటబావి: నాకు తెలియదనుకుంటున్నారా? మా నాన్న చెప్పుల్లేకుండా తడి మట్టిలో పాదులు చేశాడు. మడమ మీద చిన్న పగులు. ఎలుక మూత్రం కలిసిన ఆ మట్టి నుంచే లెప్టోస్పైరోసిస్ వచ్చిందన్నారు. మొదట ఉత్త జ్వరం అనుకున్నాం. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి. అప్పటికి నేను మందు వద్దని రోజూ బోను కడిగి పెడుతున్నవాణ్ణే. మీరు కుక్క అన్నప్పుడల్లా నాకు ఆ మడమ కనబడుతోంది. నా పెరట్లో ఒక్కటి కూడా మిగలకూడదు.

కానుగనీడ: అయ్యో. ఇది నాకు తెలియదండి. నిజం చెప్పాలంటే నాకు కోపం మందు మీద కూడా కాదు. పక్కింటాయన ఒక్క మాట చెప్పి ఉంటే కుక్కను కట్టేసుకునేదాన్ని. గోడ అవతలే ఉంటాడు, చెప్పలేదు.

మోటబావి: నేనూ ఎవరికీ చెప్పలేదు. చెబితే వద్దంటారని.

కానుగనీడ: వద్దనే హక్కు వాళ్లకుంది.

మోటబావి: కలుగు నా పెరట్లో ఉంది. రోగం వస్తే మా ఇంట్లోవాళ్లకు వస్తుంది. వాళ్ల అనుమతి నాకెందుకు?

కానుగనీడ: ఆ కలుగుకు రెండో దారి వాళ్ల వైపు ఉండొచ్చు. అది ఎటు పోయి చస్తుందో మీ చేతుల్లో లేదు. అనుమతి కాదు, కబురు చెప్పండి అంటున్నాను.

మోటబావి: కబురంటే సరే. వాళ్లు వద్దన్నా నేను ఆగను.

కానుగనీడ: అక్కడే మీకూ నాకూ కుదరదు.

పెరటిమొక్క: రాత్రి ఐదూ మూశాను. పొద్దునకి మూడు తెరుచుకున్నాయి. గోడ ఎక్కి చూస్తే అవతల కూడా కొత్త మట్టి, ఇంకా తడిగానే ఉంది. పక్కింటావిడకి చూపించాను, వాళ్లకీ పిల్లి ఉందట. ఇప్పటికి రెండు వైపులా చెరో బోను. దుంపల మడి చుట్టూ అర అంగుళం కన్నాల ఇనుప జాలి అడుగున్నర లోతున దించి, కింది అంచు బయటికి వంచుతున్నాను. మోటబావి గారూ, గ్లౌజులతో పాటు బూట్లు కూడా తెచ్చుకున్నాను.