నీలిమందు చీర రంగు చేతికి అంటుతోంది, నకిలీదా?

ప్రశ్న:
నీలిమందు అద్దకం అని చెబితే నూలు చీర కొన్నాను. కట్టుకున్న మొదటి రోజే తెల్ల జాకెట్టు మీద, నా గోళ్ల అంచుల్లో నీలం. మోసపోయానా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
రంగు అంటినంత మాత్రాన నకిలీ అనుకోకమ్మా. నేను పదిహేనేళ్లు నీలి తొట్టి దగ్గరే పనిచేశాను. నీలిమందు మామూలు నీళ్లలో కరగదు. సున్నం, బెల్లం వేసి పులియబెడితే కరుగుతుంది. బట్ట ముంచి పైకి తీస్తే ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ కళ్ల ముందే నీలంగా మారుతుంది. అది ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు. ఆ రంగు పోగు లోపలిదాకా ఇంకదు, ఎక్కువగా పైపైనే పట్టుకుంటుంది. అందుకే రాపిడికి రాలుతుంది. జీన్స్ మోకాళ్ల దగ్గర తెల్లబడేదీ ఇందుకే. చన్నీళ్లలో విడిగా రెండు మూడుసార్లు జాడించి నీడన ఆరెయ్యి. బ్లీచ్ మాత్రం వద్దు.

జవాబు 2:
1897 నుంచి ఫ్యాక్టరీ నీలిమందు కూడా అమ్ముతున్నారు. మొక్క నుంచి తీసిన సహజమైనదానిలోనూ, ఫ్యాక్టరీదానిలోనూ రంగునిచ్చే పదార్థం ఒకటే. అంటుకోవడాన్ని బట్టి ఏది సహజమో తేల్చలేం. అద్దినవాళ్లనే అడగండి.

అడిగినవారు:
ఇవాళ జాడించాను. మూడో బకెట్ నీళ్లు దాదాపు తేటగా వచ్చాయి. జాకెట్టు ఇంకా నానుతోంది.