‘ఫైలు ఎక్కలేదు’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న (మధురవాడ నుంచి): మా ఆఫీసులో కర్ల్‌తో (కమాండ్ టైపు చేసి ఫైళ్లు పంపే ప్రోగ్రాంతో) ఫైళ్లు పంపేవాళ్ల కోసం తెలుగులో హెల్ప్ పేజీ రాస్తున్నాను. ‘అప్‌లోడ్ విఫలమైనది’ అని రాస్తే, అలా ఎవరూ అనరన్నారు మావాళ్లు. ‘ఫైలు ఎక్కలేదు’ అనవచ్చా మాస్టారూ?

జవాబు: నిస్సంకోచంగా అనవచ్చమ్మా. మన పోర్టులో సరుకు ఓడకి ఎక్కిస్తారు, పేరు జాబితాకి ఎక్కుతుంది, లెక్కలు కొందరికి బుర్రకెక్కవు. ఫైలు సర్వర్‌కి ఎక్కడం కూడా ఆ వరసలోదే. ‘విఫలమైనది’ కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

అయితే ఒక చిక్కుంది. ఈ వాడుకలో ‘ఎక్కు’ అకర్మకం. ‘ఎక్కలేదు’ అన్నప్పుడు వాక్యంలో ఫైలు ఒక్కటే కనిపిస్తుంది. ఎక్కించినవాళ్లూ ఉండరు, ఎక్కించుకోవలసిన సర్వరూ ఉండదు. మాటల్లో పర్వాలేదు గానీ, టెన్షన్‌లో హెల్ప్ పేజీ తెరిచినవాళ్లకి తప్పు ఎటువైపుందో తెలియాలి. కర్ల్ ఆ సంగతి అంకెలో చెబుతుంది, మీరు దాన్ని క్రియలో చెప్పండి.

26 వచ్చిందంటే ఫైలు ఇంకా మన కంప్యూటర్ దాటలేదు. ఫైలు ఉన్న చోటు (పాత్) తప్పుగా రాసి ఉంటాం, లేదా ఫైలు చదివే అనుమతి లేదు. ‘ఫైలు తెరుచుకోలేదు’ అనండి. 55 అయితే పంపుతుండగా నెట్‌వర్క్‌లో తేడా వచ్చింది కాబట్టి ‘మధ్యలో తెగిపోయింది’. 25 అంటే ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే ఒక పాత పద్ధతి) సర్వర్ మొదట్లోనే కాదంది: ‘సర్వర్ ఒప్పుకోలేదు’.

అసలు జాగ్రత్తగా రాయాల్సింది 413 గురించి. ఫైలు మరీ పెద్దదని సర్వర్ ఇచ్చే జవాబు అది. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ మార్చకపోతే ఆ హద్దు 1 ఎంబీయే. సర్వర్ జవాబిచ్చింది కదా, తన పని అయిపోయిందని కర్ల్ చాలాసార్లు సున్నాతోనే, అంటే ఏ తప్పూ లేదన్న అంకెతోనే, ముగిస్తుంది. చూసేవాళ్లు ఎక్కేసిందనుకుంటారు! రెండు హైఫన్లు పెట్టి ‘ఫెయిల్’ అన్న ఆప్షన్ చేరిస్తే 22 అని చెబుతుంది. దీనికి ‘సర్వర్ తిప్పి పంపింది’ అన్నది సరైన మాట.

ఇంకోటి. హైఫన్ తర్వాత పెద్ద ఎఫ్ పెట్టి ఫారం పంపేటప్పుడు, ఫైలు పేరు ముందు ఎట్ గుర్తు మరిచిపోతే ఫైలుకి బదులు ఆ పేరే మామూలు అక్షరాలుగా వెళ్తుంది. కర్ల్ ఏ ఎర్రరూ చూపదు. అక్కడ ‘పేరు ఎక్కింది, ఫైలు ఎక్కలేదు’ అని రాయండి. ఇంతకంటే సూటిగా చెప్పే మాట నాకు తోచడం లేదు.

ప్రశ్న: తెలుగు పేర్లున్న ఫైళ్లు అసలు ఎక్కవని మావాళ్లంటున్నారు. నిజమేనా?

జవాబు: పేరు తెలుగులో ఉండటమే తప్పు కాదు. యూటీఎఫ్-8లో (అక్షరాలని కంప్యూటర్ బైట్లుగా దాచే పద్ధతిలో) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, లినక్స్‌లో ఫైలు పేరుకి మామూలు హద్దు 255 బైట్లు. అంటే 85 గుర్తులు. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. ‘లక్ష్మి’ మనకి రెండక్షరాలు, కంప్యూటర్‌కి 7 గుర్తులు, 21 బైట్లు. లినక్స్ సర్వర్‌లో భద్రపరిచేటప్పుడు ఈ లెక్క దాటితే ‘పేరు మరీ పొడుగైంది’ అనండి. సర్వర్ చిరునామాలో (యూఆర్‌ఎల్‌లో) నేరుగా రాసే పేర్లలో ఖాళీలుంటే మాత్రం కర్ల్ 3 అని ఆగిపోవచ్చు. దానికి ‘చిరునామా సరిగా లేదు’ చాలు.