సమస్య: “ఇసుక కాలి యాకు కిచ్చె నీడ”

ఆటవెలది నాలుగో పాదం ఇది. పూరణ విషయం: 18వ శతాబ్దపు ఇటలీ సొరుగుల బల్లపై పొదిగిన చెక్క ఆకులు. పలుచని చెక్క పొర (రేకు) అంచును కాగిన ఇసుకలో ముంచి కమిలిస్తే ఆ ఆకుకు నీడ వస్తుంది.

పూరణ 1 – దారుశిల్పి

పలుచనైన రేకు పట్టకారునఁ బట్టి
అంచు ముంచి యుంచ నర నిమిషము
నడుమ తెలుపు మిగిలి నలుపెక్కె మొదలెల్ల
ఇసుక కాలి యాకు కిచ్చె నీడ

సమీక్ష: ఇసుక కాలి నీడనివ్వడమనే విరోధం చక్కగా విడిపోయింది. యతులన్నీ కుదిరాయి. అయితే “అర నిమిషము” దగ్గర పని చెడుతుంది. ఇనుప మూకుడులో రెండంగుళాల సన్నిసుక బాగా కాగాక, మిల్లీమీటరు మందం రేకు అంతసేపుంటే అంచు బొగ్గై రాలిపోతుంది. ఐదారు క్షణాలకోసారి తీసి చూడాలి. ఇసుక అడుగున వేడెక్కువ, పైన తక్కువ. అందుకే నీడ ముదురు నుంచి లేతకు గీత కనబడకుండా జారుతుంది, కుంచెతో అది రాదు. “అంచు ముంచి తీయ నదనెఱింగి” అంటే గణాలూ సరిపోతాయి, పనీ నిలుస్తుంది. ఇంకొకటి: కాలిన రేకు తడారి ముడుచుకుంటుంది. కాస్త చెమ్మ తగిలించి రెండు పలకల మధ్య నొక్కి పెట్టకుండా సరేసుతో (జంతు జిగురుతో) అతికిస్తే అతుకుల్లో సందులు పడతాయి.

పూరణ 2 – గీతిక

మజ్జొలీని సొరుగు మందసమ్మునఁ జూడ
రంగు పూత లేదు రవ్వ యైన
చెక్కకొక్క వన్నె చేర్చి పొదిగెఁ గాని
ఇసుక కాలి యాకు కిచ్చె నీడ

సమీక్ష: మిలాను దగ్గరి పరాబ్యాగోలో పనిచేసిన జుసెప్పె మజ్జొలీని (1738–1814) పేరు రెండు సూర్యగణాల్లో ఒదగడం ముచ్చటగా ఉంది. “గాని” తర్వాత “ఇసుక” విసంధి, అంటే కలవాల్సిన సంధి కలవలేదు. “చేర్చి పొదిగినాఁడు” అంటే వాక్యం అక్కడే ముగుస్తుంది, దోషం పోతుంది. పూత లేదన్న మాట నిజమే. కానీ ఆ కాలపు పొదుగు పనిలో ఆకుపచ్చ, నీలం కావాలంటే తెల్ల చెక్కను రంగులో నానబెట్టేవారు. వెలుతురుకు ముందు వెలిసేవి అవే. మన విశాఖపట్నం పెట్టెల దారి వేరు: దంతపు రేకుపై గీత చెక్కి నల్ల లక్క నింపేవారు.

పూరణ 3 – పాతసొరుగు

గరుకు కాగితమునఁ గట్టిగాఁ దోమకు
రేకు పలుచ, మాయు రేఖలన్ని
మీఁద కాలినట్టి మసక పోయిన రాదు
ఇసుక కాలి యాకు కిచ్చె నీడ

సమీక్ష: మూడింటిలో నాకు బాగా నచ్చిన భావం ఇదే. మూడో పాదంలో మీ–మ యతికి హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. “మాను కాలినట్టి” అని మార్చండి. సొరుగు ముఖంపై చీలిక కనిపించినా గరుకు కాగితం జోలికి పోకూడదు. అడుగు పలక అడ్డంగా కుంచించుకుపోతే పైరేకు చీలుతుంది. గది గాలిలో తేమ నిలకడగా లేనంతవరకు ఎన్నిసార్లు పూడ్చినా అది మళ్లీ తెరుచుకుంటుంది. మురికి తుడవాలంటే దూదిని తడిపి గట్టిగా పిండి, ముందు ఒక మూల చూడండి. నీరెక్కువైతే పాత సరేసు కరిగి ఆకు లేచిపోతుంది.